ఆర్పినా వెలిగే దీపం: ఇంటి లైటింగ్ తీగల్లో తప్పు ఎక్కడుందో కనిపెట్టడం ఎలా?

రాత్రి పడుకునే ముందు స్విచ్ ఆపేస్తాం. కళ్లు చీకటికి అలవాటు పడ్డాక చూస్తే ఎల్‌ఈడీ బల్బు పూర్తిగా ఆరలేదని తెలుస్తుంది. మిణుగురు పురుగులా సన్నగా వెలుగుతూ ఉంటుంది, లేదా కొన్ని సెకన్లకోసారి తళుక్కుమని ఆరిపోతుంది. బల్బు మార్చినా అదే తంతు. పాత ఫిలమెంట్ బల్బు ఉన్న రోజుల్లో ఇదే గదిలో, ఇదే స్విచ్‌తో ఇలా ఎప్పుడూ జరగలేదు.

ఈ చిన్న వింతకు ముఖ్యంగా రెండు కారణాలు ఉంటాయి. ఒకటి దాదాపు హాని లేనిది. రెండోది బల్బు మార్చడానికి చెయ్యి పెట్టిన మనిషి ప్రాణం తీయగలది. చూడ్డానికి మాత్రం రెండూ ఒకేలా ఉంటాయి. అందుకే లైటింగ్ లోపాలను వెతికేటప్పుడు మొదట నేర్చుకోవలసిన సంగతి ఒకటుంది: దీపం ఆరడం వేరు, తీగలో కరెంటు లేకపోవడం వేరు.

ఈ తేడా ఎంత ముఖ్యమైనదో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ పక్కన ఉన్న లాల్‌ఖదాన్ లాంటి చోట బాగా అర్థమవుతుంది. బిలాస్‌పూర్ ఆగ్నేయ మధ్య రైల్వేకు ప్రధాన కేంద్రం. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచి ఇక్కడి బతుకు పట్టాలతో ముడిపడి ఉంది. రైల్వే కొలువుల కోసం తరలివచ్చిన తెలుగు కుటుంబాలూ ఈ ఊళ్లో ఉన్నాయి. బిలాస్‌పూర్ నుంచి హౌరా వైపు వెళ్లే పట్టాల వెంట ఉన్న లాల్‌ఖదాన్‌లో రెండు రకాల దీపాలు పక్కపక్కనే కనిపిస్తాయి. ఒకటి ఇంట్లో దీపం, మరొకటి సిగ్నల్ దీపం. రెండింటినీ దూరం నుంచి తీగలే నడిపిస్తాయి, రెండింటినీ ఒకే భౌతికశాస్త్రం ఇబ్బంది పెడుతుంది. ఇంట్లో దీపం అబద్ధం చెప్పినా చాలాసార్లు సరిపెట్టుకుంటాం. సిగ్నల్ దీపం విషయంలో ఆ వీలు లేదు. కాబట్టి ఇంటి తీగల సంగతి ముందు చూసి, ఆ తర్వాత పట్టాల దగ్గరికి వెళదాం.

రెండు తీగలు పక్కపక్కన నడిస్తే

స్విచ్ ఆపితే తీగ తెగినట్టే కదా, మరి బల్బుకు కరెంటు ఎక్కడిది? గోడలోని పైపులో ఆ తీగ ఒంటరిగా లేదు. దాని పక్కనే ఎప్పుడూ కరెంటు ఉండే ఫేజ్ తీగ ఉంది. మధ్యలో పీవీసీ తొడుగు ఉంది. రెండు లోహాలు, వాటి నడుమ ఒక బంధకం. భౌతికశాస్త్రంలో దీన్నే కెపాసిటర్ అంటాం. నేరుగా పారే డీసీని కెపాసిటర్ ఆపేస్తుంది. సెకనుకు 50 సార్లు ఊగే ఏసీని మాత్రం కొద్దికొద్దిగా దాటనిస్తుంది.

ఎంత కొద్దిగా? ఒక అంచనా వేద్దాం. పైపులో ఆనుకుని ఉన్న రెండు తీగల మధ్య మీటరుకు సుమారు 100 పికోఫారడ్ల కెపాసిటెన్స్ ఉందనుకుంటే, 20 మీటర్ల పొడవుకు అది 2 నానోఫారడ్లు అవుతుంది. 50 హెర్ట్జ్ ఏసీకి అది చూపే అడ్డు దాదాపు 16 లక్షల ఓమ్‌లు. 230 వోల్టుల దగ్గర ఆ దారిలో పారే కరెంటు 0.14 మిల్లీ ఆంపియర్లు. 60 వాట్ల ఫిలమెంట్ బల్బు వెలగాలంటే సుమారు 260 మిల్లీ ఆంపియర్లు కావాలి. అందులో 1,800వ వంతు కరెంటుతో ఫిలమెంట్ కనీసం వెచ్చబడదు కూడా.

ఎల్‌ఈడీ కథ వేరు. దాని లోపల ఏసీని డీసీగా మార్చే చిన్న సర్క్యూటు, ఒక కెపాసిటర్ ఉంటాయి. చుక్క చుక్కగా కారే కొళాయి కింద పెట్టిన చెంబులా ఆ కెపాసిటర్ నిండుతుంది. సర్క్యూటు మేలుకునేంత వోల్టేజీ రాగానే బల్బు ఒక్కసారి తళుక్కుమంటుంది, కెపాసిటర్ ఖాళీ అవుతుంది, మళ్లీ నిండడం మొదలవుతుంది. సాదా సర్క్యూటు ఉన్న బల్బుల్లో ఆ చుక్కలే సన్నని వెలుగుగా మారతాయి. లోపం కొత్తగా పుట్టలేదు. ఇంతకుముందూ ఆ కరెంటు ఉంది, దాన్ని చూపించగల బల్బు ఇప్పుడు వచ్చింది.

మెట్ల లైట్ల దగ్గర ఈ బాధ ఎక్కువ. కింద ఒక స్విచ్, పైన ఒక స్విచ్ పెట్టే టూ-వే ఏర్పాటులో రెండు స్విచ్‌ల మధ్య రెండు తీగలు జంటగా నడుస్తాయి. దీపం ఆరి ఉన్నప్పుడు కూడా ఆ రెండింటిలో ఒకదానిలో ఫేజ్ ఉంటుంది. రెండో తీగ పొడవునా దాన్ని అంటిపెట్టుకుని ఉంటుంది. స్విచ్‌లోనే చిన్న ఎర్ర దీపం వెలిగే రకం వాడినా ఇదే జరుగుతుంది. ఆ దీపానికి కావలసిన కొద్ది కరెంటు బల్బు గుండానే పోవాలి.

మందు కూడా అదే లెక్కలో ఉంది. ఎలక్ట్రీషియన్ చేత బల్బుకు సమాంతరంగా, మెయిన్స్ వోల్టేజీకి తగిన రేటింగ్ ఉన్న 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టిస్తే, అది తీగల కెపాసిటెన్స్ కంటే 50 రెట్లు పెద్దది. దొంగ కరెంటు దాని గుండా పోతుంది, బల్బు దగ్గర మిగిలే వోల్టేజీ నాలుగైదు వోల్టులకు పడిపోతుంది. బల్బు నిజంగా ఆరుతుంది.

అదే మిణుకు, వేరే కారణం

ఇప్పుడు రెండో కారణం. ఇంటి వైరింగ్‌లో స్విచ్ ఫేజ్ తీగ మీద ఉండాలి. ఐఎస్ 732 అనే భారతీయ ప్రమాణం పాటించే వైరింగ్‌లో ఇది మొదటి పాఠం. తొందరలోనో, తీగల రంగులు చూడకపోవడం వల్లనో స్విచ్‌ను న్యూట్రల్ మీద పెడితే దీపం మామూలుగానే వెలుగుతుంది, ఆరుతుంది. ఏళ్ల తరబడి ఎవరికీ అనుమానం రాదు. కానీ స్విచ్ ఆపినప్పుడు తెగేది న్యూట్రల్. ఫేజ్ హోల్డర్ దాకా వచ్చి కూర్చునే ఉంటుంది. ఆ ఫేజ్ బల్బు గుండా, అవతలి తీగకూ గోడకూ మధ్య ఉన్న కెపాసిటెన్స్ గుండా కొద్దిగా కారుతుంది. ఎల్‌ఈడీ మళ్లీ మిణుకుమంటుంది.

కంటికి తేడా లేదు. స్టూలు ఎక్కి, స్విచ్ ఆపాం కదా అన్న ధీమాతో హోల్డర్‌లో వేలు తగిలించుకున్న మనిషికి మాత్రం తేడా ఉంది. మొదటి సందర్భంలో అతని గుండా పోయేది 0.14 మిల్లీ ఆంపియర్లు. రెండో సందర్భంలో అడ్డుపడేది అతని ఒంటి నిరోధం మాత్రమే. తడి చేతులైతే అది ఒకటి రెండు వేల ఓమ్‌లకు దిగొచ్చు. అప్పుడు కరెంటు 100 మిల్లీ ఆంపియర్లు దాటుతుంది. గుండె లయ తప్పడానికి అది చాలు. భూమిలోకి పోయే కరెంటు 30 మిల్లీ ఆంపియర్లకు చేరేలోపే సరఫరా తెంచే ఆర్‌సీసీబీని ప్రతి ఇంట్లో పెట్టుకోమనడానికి కారణం ఇదే.

మరి రెండింటినీ వేరు చేసేదెలా? చాలామంది టెస్టర్ పెడతారు. టెస్టర్‌లోని నియాన్ దీపం అతి కొద్ది కరెంటుకే వెలుగుతుంది కాబట్టి కెపాసిటర్ దొంగ కరెంటుకు కూడా సన్నగా వెలగొచ్చు. డిజిటల్ మల్టీమీటర్ కూడా మోసపోతుంది. దాని లోపలి నిరోధం సాధారణంగా కోటి ఓమ్‌లు. అంత తక్కువ కరెంటు లాగే మీటరు 16 లక్షల ఓమ్‌ల వెనక ఉన్న వోల్టేజీని కూడా వంద వోల్టులకు పైగా చూపించేస్తుంది. ఈ అంకెను ఎలక్ట్రీషియన్లు ‘దొంగ వోల్టేజీ’గా గుర్తించాలి.

కాస్త భారం మోపి చూడటమే సరైన పరీక్ష. తక్కువ నిరోధంతో కొలిచే వసతి ఉన్న మీటరుతో కొలిస్తే దొంగ వోల్టేజీ కూలిపోయి సున్నాకు దగ్గరవుతుంది. నిజమైన ఫేజ్ అయితే 230 దగ్గర కదలకుండా నిలబడుతుంది. తోపుడు బండిని వేలితో తాకితే ఖాళీదో, బరువుందో తెలియదు. తోసి చూస్తేనే తెలుస్తుంది. విద్యుత్తు విషయంలోనూ అంతే. ఈ పరీక్ష శిక్షణ ఉన్న ఎలక్ట్రీషియన్ చేయవలసిన పని. ఇంట్లోవాళ్లు చేయవలసింది ఒక్కటే: బల్బు మార్చే ముందు స్విచ్‌ను నమ్మకుండా, ఫేజ్‌నూ న్యూట్రల్‌నూ రెండింటినీ ఒకేసారి తెంచే మెయిన్ స్విచ్ ఆపడం.

ఒక లైటు మందగిస్తూ, మరో లైటు మెరిస్తే

దీపాలు ఊగిసలాడటం ఇంకో సాధారణ ఫిర్యాదు. ఒక్క బల్బే ఊగితే బల్బో, హోల్డరో, స్విచ్‌లో వదులైన స్క్రూవో కారణం కావచ్చు. ఫ్యాన్ రెగ్యులేటర్ లాంటి డిమ్మర్‌కు దానికి సరిపోని ఎల్‌ఈడీ తగిలించినా ఊగుతుంది. పాత డిమ్మర్లు పెద్ద ఫిలమెంట్ బల్బుల కోసం తయారైనవి. ఐదారు వాట్ల ఎల్‌ఈడీ లాగే కరెంటు వాటిలోని ట్రయాక్ అనే భాగాన్ని నిలకడగా పనిచేయించడానికి చాలదు. మిక్సీ వేసినప్పుడల్లా ఇంట్లో లైట్లన్నీ క్షణం పాటు మందగిస్తే, ఎక్కడో తీగ సన్నగా ఉందో, కలిపిన చోట వదులుగా ఉందో అని అర్థం.

కొన్ని లైట్లు మందగిస్తూ ఉండగా మరికొన్ని మామూలు కంటే ఎక్కువగా మెరిస్తే మాత్రం ఆలస్యం చేయకూడదు. మూడు ఫేజుల సరఫరాలో న్యూట్రల్ వదులైనప్పుడు లేదా తెగినప్పుడు కనిపించే గుర్తు అది.

ఎందుకో ఒక లెక్కతో చూద్దాం. ఒక ఫేజ్ మీద 1,000 వాట్ల ఇస్త్రీపెట్టె, మరో ఫేజ్ మీద మొత్తం 100 వాట్ల లైట్లు నడుస్తున్నాయనుకుందాం. న్యూట్రల్ ఉన్నంతసేపు ఒక్కోదానికి 230 వోల్టులు. న్యూట్రల్ తెగితే రెండూ వరుసలో కలిసి, రెండు ఫేజుల మధ్య ఉండే 400 వోల్టులను పంచుకుంటాయి. ఇస్త్రీపెట్టె నిరోధం సుమారు 53 ఓమ్‌లు, లైట్లది సుమారు 530. వోల్టేజీ నిరోధాన్ని బట్టి చీలుతుంది కాబట్టి ఇస్త్రీపెట్టెకు 36 వోల్టులు, లైట్లకు 364 వోల్టులు దక్కుతాయి. తక్కువ కరెంటు వాడే ఇల్లే ఎక్కువ నష్టపోతుంది. టీవీలు, ఫ్రిజ్‌లు, రౌటర్లు ఒకేసారి కాలిపోయిన సంఘటనల వెనక తరచూ ఇదే ఉంటుంది. ఇలాంటప్పుడు బల్బు దగ్గర వెతకడం వృథా. మెయిన్ ఆపేసి, డిస్ట్రిబ్యూషన్ బోర్డు నుంచి వీధి స్తంభం దాకా న్యూట్రల్ కలిపిన చోట్లు చూపించాలి. స్తంభం దగ్గరి పని విద్యుత్ సంస్థ సిబ్బందిది.

గోడలో మాట్లాడుకునే తీగలు

ఇప్పటిదాకా చెప్పింది స్విచ్‌తో నేరుగా నడిచే దీపాల గురించి. కార్యాలయాల్లో, హోటళ్లలో, ఆస్పత్రుల్లో, కొత్త విల్లాల్లో ఇంకో ఏర్పాటు వస్తోంది. అక్కడ స్విచ్ నొక్కితే దీపానికి కరెంటు తెగదు, ఒక సందేశం మాత్రమే వెళుతుంది. రెండు సన్నని తీగల మీద అన్ని స్విచ్‌లూ, అన్ని దీపాలూ సంకేతాలతో మాట్లాడుకుంటాయి. ఇలాంటి ఉమ్మడి తీగల జతను ‘బస్’ అంటారు. యూరప్‌లో పుట్టిన కేఎన్‌ఎక్స్, లైటింగ్ కోసమే రూపొందిన డాలీ ఇందులో పేరున్నవి. వైఫై బల్బులకు భిన్నంగా ఇవి తీగల మీదే ఆధారపడతాయి. కాబట్టి వీటి లోపాలు కూడా చాలామటుకు తీగల లోపాలే.

డాలీని ఉదాహరణగా తీసుకుందాం. ఒక లైను మీద 64 దీపాల చిరునామాలు, దాదాపు 16 వోల్టుల డీసీ, గరిష్ఠంగా 250 మిల్లీ ఆంపియర్ల కరెంటు. సంకేతాల వేగం సెకనుకు 1,200 బిట్లు. ఈ రోజుల లెక్కల్లో అది నత్తనడక. కానీ ఆ నిదానమే దానికి బలం. ప్రత్యేకమైన కేబుల్ అక్కర్లేకుండా మామూలు తీగతోనే పని నడుస్తుంది.

ఈ లైను 300 మీటర్లు మించకూడదని నియమం. ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చిందో మనమే లెక్క కట్టవచ్చు. 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ 300 మీటర్లు వెళ్లి తిరిగి రావాలంటే మొత్తం 600 మీటర్లు. దాని నిరోధం సుమారు 7 ఓమ్‌లు. 250 మిల్లీ ఆంపియర్లు పారితే దారిలో పోయే వోల్టేజీ 1.75. అనుమతించిన హద్దు 2 వోల్టులు. అంటే 300 మీటర్లకు హద్దు దాదాపు నిండిపోతుంది. ఎవరైనా ఖర్చు తగ్గించడానికి 0.5 చదరపు మిల్లీమీటర్ల తీగ వేస్తే అదే హద్దు 110 మీటర్ల దగ్గరే దాటుతుంది. అప్పుడు కనిపించే లక్షణం విచిత్రంగా ఉంటుంది. దగ్గరి దీపాలు చక్కగా మాట వింటాయి, చివరి గదిలోవి ఒకసారి వింటాయి, ఒకసారి వినవు. చివరి గదిలో దీపాలు మార్చి లాభం లేదు. జబ్బు దీపంలో కాదు, దారిలో ఉంది.

ఇంకో లక్షణం చూసి చాలామంది తికమకపడతారు. ఒక రోజు లైట్లన్నీ నిండు వెలుగుతో వెలుగుతుంటాయి, ఏ స్విచ్ నొక్కినా తగ్గవు, ఆరవు. దీపాలకు పిచ్చి పట్టిందనిపిస్తుంది. నిజానికి అవి తమకు చెప్పినట్టే చేస్తున్నాయి. బస్ మీద వోల్టేజీ పోతే, వేరే అమరిక చేయకపోతే, పూర్తిగా వెలగాలని డాలీ దీపాలకు ముందే నేర్పి ఉంచారు. మెదడు మాట వినిపించనప్పుడు మనుషులను చీకట్లో వదిలేయకూడదన్నది ఆ ఆలోచన. కాబట్టి అన్నీ వెలగడం అంటే బస్‌కు కరెంటిచ్చే పెట్టె ఆగిపోయిందనో, రెండు తీగలూ ఎక్కడో కలిసిపోయాయనో అర్థం. ఈ ఒక్క సంగతి తెలిస్తే సగం రోజు పని తప్పుతుంది.

ఒక హెచ్చరిక కూడా. డాలీ తీగల్లో 16 వోల్టులే కదా అని చేత్తో ముట్టుకోకూడదు. అవి 230 వోల్టుల తీగలతో పాటు ఒకే కేబుల్లో నడవడానికి అనుమతి ఉంది. మెయిన్స్ నుంచి వాటికి పూర్తి స్థాయి రక్షణ ఉందని నమ్మడానికి లేదు. కేఎన్‌ఎక్స్ తీగల్లో ఉండేది 30 వోల్టుల సురక్షిత వోల్టేజీ. అక్కడ కూడా మెయిన్స్ తీగ తొడుగు దెబ్బతిని తగిలితే ఆ భద్రత ఉండదు.

సగం సగం చేస్తూ వెతకడం

అరవై నాలుగు దీపాల లైనులో ఎక్కడో రెండు తీగలు కలిసిపోయి మొత్తం ఆగిపోయిందనుకుందాం. ఒక్కో పెట్టె తెరుస్తూ పోతే అరవై నాలుగోది దాకా వెళ్లాల్సి రావచ్చు. అనుభవం ఉన్నవాళ్లు అలా చేయరు. సరఫరా ఆపి, లైనును మధ్యలో విడదీస్తారు. సరఫరా పెట్టె వైపు సగాన్ని మళ్లీ నడిపి చూస్తారు. అది పనిచేస్తే తప్పు అవతలి సగంలో ఉంది, పనిచేయకపోతే ఇవతలే ఉంది. మిగిలిన సగాన్ని మళ్లీ సగం చేస్తారు. 64 నుంచి 32, 16, 8, 4, 2, 1. ఆరు విభజనల్లో తప్పు దొరుకుతుంది. నిఘంటువులో మాట వెతికేటప్పుడు మొదటి పేజీ నుంచి చదవకుండా మధ్యలో తెరిచే పద్ధతే ఇది.

ఈ పద్ధతికి రెండు షరతులు ఉన్నాయి. ఒకేసారి ఒక్క మార్పే చేయాలి. చేసిన ప్రతి మార్పునూ, కనిపించిన ఫలితాన్నీ కాగితం మీద రాయాలి. బల్బు మార్చి, స్క్రూ బిగించి, తీగ కదిపి, అన్నీ ఒకేసారి చేశాక దీపం వెలిగితే ఏది పనిచేసిందో తెలియదు. వారం తర్వాత మళ్లీ ఆరితే కథ మొదటికొస్తుంది.

వచ్చి పోయే లోపాలకు ఓపిక ఎక్కువ కావాలి. వానాకాలంలో గోడ చెమ్మగిల్లినప్పుడే ఆర్‌సీసీబీ పడిపోతుంటే, మధ్యాహ్నం ఎండ తర్వాతే దీపాలు ఊగుతుంటే ఆ సమయాలే ఆధారాలు. మొదటిది చెమ్మ వల్ల తొడుగు బలహీనపడిన గుర్తు కావచ్చు, రెండోది వేడికి లోహం సాగి వదులైన కీలు గుర్తు కావచ్చు. చెమ్మ అనుమానాన్ని మెగ్గర్‌తో తేల్చుకోవచ్చు. అది 500 వోల్టుల డీసీతో తీగల తొడుగు నిరోధాన్ని కొలుస్తుంది. ఇంటి సర్క్యూటులో అది కనీసం 10 లక్షల ఓమ్‌లు ఉండాలి. అయితే మెగ్గర్ పెట్టే ముందు ఎల్‌ఈడీలు, డిమ్మర్లు, బస్ పరికరాలు అన్నీ విడదీయాలి. లేకపోతే లోపం దొరికేలోపే కొత్త లోపాలు పుడతాయి.

అబద్ధం చెప్పకూడని దీపం

ఇప్పుడు లాల్‌ఖదాన్ పట్టాల దగ్గరికి వద్దాం. అక్కడ రైళ్లను నడిపే పై తీగలో 25,000 వోల్టుల ఏసీ ఉంటుంది. బరువైన బొగ్గు రైలు లాగుతున్న ఇంజన్ అందులోంచి వందల ఆంపియర్లు తీసుకుంటుంది. ఆ తీగకు సమాంతరంగా భూమిలో సిగ్నల్ కేబుళ్లు నడుస్తాయి. ఇంటి పైపులో రెండు తీగల మధ్య జరిగిన కథే ఇక్కడ పెద్ద ఎత్తున జరుగుతుంది. పై తీగలోని కరెంటు చుట్టూ ఊగే అయస్కాంత క్షేత్రం కేబుల్లో వోల్టేజీ పుట్టిస్తుంది. కేబుల్ ఎంత పొడవుంటే అంత వోల్టేజీ.

ఇంట్లో ఆరిన బల్బు మిణుకుమంటే నిద్ర చెడుతుంది. ఇక్కడ ఆరి ఉండవలసిన ఆకుపచ్చ దీపం మిణుకుమంటే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. అందుకే విద్యుదీకరించిన మార్గాల్లో సిగ్నల్‌ను నేరుగా నడిపే కేబుల్ పొడవుకు హద్దులు పెట్టారు. ఒక స్థాయికి లోపు ఉన్న వోల్టేజీకి అసలు స్పందించని విధంగా ఎల్‌ఈడీ సిగ్నల్ దీపాలను తయారు చేయిస్తారు. ఇంట్లో మనం కెపాసిటర్‌తో చేసిన పనినే రైల్వే డిజైన్‌లోనే చేసేసింది.

అంతటితో ఆగలేదు. దీపం వెలిగిందో లేదో దీపాన్నే అడిగే ఏర్పాటు కూడా ఉంది. దీపానికి వెళ్లే కరెంటు ఒక రిలే గుండా పోతుంది. దీపం కాలిపోయినా, తీగ తెగినా ఆ రిలే పడిపోతుంది, స్టేషన్‌లో హెచ్చరిక వస్తుంది. ఎర్ర దీపమే పోతే దాని వెనకటి సిగ్నల్ రైలును ఆపేలా ఏర్పాటు ఉంటుంది. వెలగవలసిన సిగ్నల్ అసలు వెలగకపోతే, అది చూపగల అతి కఠినమైన ఆజ్ఞ చూపినట్టే భావించాలని లోకోపైలట్లకు నియమం. తీగ తెగితే రైలు ఆగాలి. లోపం ఎప్పుడూ భద్రత వైపే ఒరగాలి. బస్ తెగితే డాలీ దీపాలు నిండుగా వెలగడం వెనక ఉన్నది కూడా ఇదే ఆలోచన.

2025 నవంబర్ 4న లాల్‌ఖదాన్ పేరు దేశమంతా విన్నది. గేవ్రా రోడ్ నుంచి బిలాస్‌పూర్ వస్తున్న మెమూ రైలు ఒక గూడ్స్ రైలును వెనక నుంచి ఢీకొని కనీసం 11 మంది చనిపోయారు. రైలు ఆపవలసిన సిగ్నల్‌ను దాటేసిందన్నది రైల్వే ప్రాథమిక అంచనా. ఆ అంచనా ప్రకారం అక్కడి ప్రశ్న దీపం వెలగడం గురించి కాదు, వెలిగిన దీపం మాట అమలు కావడం గురించి. సిగ్నల్ మాటను ఇంజన్ బ్రేకుకే చేరవేసే కవచ్ లాంటి వ్యవస్థలు నింపాల్సిన ఖాళీ అది.

దీపమే తప్పు చెప్పిన ఘటన వేరే ఉంది. 2023 జూన్ 2న ఒడిశాలోని బహనగా బజార్ స్టేషన్‌లో చెన్నై వెళ్లే కోరమండల్ ఎక్స్‌ప్రెస్‌కు మెయిన్ లైనులో వెళ్లమని సిగ్నల్ ఇచ్చింది. పట్టాలు మాత్రం లూప్ లైను వైపు మళ్లి ఉన్నాయి. అక్కడ ఆగి ఉన్న గూడ్స్‌ను రైలు ఢీకొంది. 290 మందికి పైగా చనిపోయారు. విశాఖ, విజయవాడల మీదుగా సాగే ఆ రైలు తెలుగువారికి బాగా తెలిసినది. గతంలో సిగ్నలింగ్ సర్క్యూట్‌లో చేసిన మార్పుల్లోనూ, లెవెల్ క్రాసింగ్ గేటు బ్యారియర్ మార్చే పనిలోనూ జరిగిన లోపాలే కారణమని రైల్వే భద్రతా కమిషనర్ దర్యాప్తు తేల్చింది. ఎప్పుడో కదిపిన తీగలు, వాటి మీద తప్పుగా ఉన్న పేర్లు, మార్పు తర్వాత మొదటి నుంచి చివరి దాకా చేయని పరీక్ష. అన్ని జాగ్రత్తలతో కట్టిన వ్యవస్థను కూడా మరమ్మతు దెబ్బతీయగలదని ఆ ప్రమాదం చూపించింది.

మరమ్మతు ఎప్పుడు పూర్తయినట్టు?

ఇంటి తీగలకూ ఈ పాఠం వర్తిస్తుంది. ఇళ్లలో చాలా లోపాలు కొత్తగా పుట్టినవి కావు, పాత మరమ్మతులు మిగిల్చినవి. ఇన్వర్టర్ పెట్టినప్పుడు కలిపేసిన న్యూట్రల్, గది విస్తరించినప్పుడు నల్ల తీగ అయిపోయిందని వాడిన ఎర్ర తీగ, తీసేసిన లైటుకు టేపు చుట్టకుండా పెట్టెలో వదిలేసిన తీగ ముక్క. ఇవన్నీ ఏళ్ల తర్వాత ఇంకొకరి చేతికి తగులుతాయి.

కాబట్టి దీపం వెలగగానే పని అయిపోయిందనుకోకూడదు. ఎలక్ట్రీషియన్ వెళ్లే ముందు కొన్ని సంగతులు అడగండి. స్విచ్‌లు ఫేజ్ మీదే ఉన్నాయా? బోర్డులోని ప్రతి ఎంసీబీ కింద అది ఏ గదిదో రాసి ఉందా? పనికిరాని తీగలను తీసేశారా, లేక కొసలకు తొడుగు వేశారా? ఆర్‌సీసీబీ మీది పరీక్ష బటన్ నొక్కితే అది పడిపోతోందా? మార్చిన దీపాన్నే కాకుండా, ఆ సర్క్యూట్ మీద ఉన్న ప్రతి స్విచ్‌నూ వేసి, ఆపి చూశారా? బస్ వ్యవస్థ ఉంటే దీపాల చిరునామాల పట్టిక ఒక ప్రతి మీ దగ్గర ఉందా?

ఇంట్లోవాళ్లు చేయగలిగినవి కూడా ఉన్నాయి. ఏ దీపం, ఏ వేళలో, ఏ పరికరం నడుస్తుండగా ఏం చేసిందో రాసిపెట్టడం, అది ఒక్క బల్బా, ఒక గదా, మొత్తం ఇల్లా అని గమనించడం, బల్బును ఇంకో హోల్డర్‌లో పెట్టి చూడటం, అదీ మెయిన్ ఆపాకే. కాలిన వాసన వచ్చినా, బోర్డు వేడెక్కినా, కొన్ని లైట్లు విపరీతంగా మెరిసినా ముందు మెయిన్ ఆపాలి, ఆలోచన ఆ తర్వాతే. గోడ పెట్టె తెరవడం, మీటరు పెట్టడం తెలిసినవాళ్ల పని. ఇంటివాళ్లు రాసిపెట్టిన కాగితం చేతిలో ఉంటే వాళ్లు వెతకాల్సిన చోటు ముందే సగానికి తగ్గిపోతుంది.